ఆరో రికార్డు

సోమవారం, షాపు తెరిచే ముందు

పైవాటాలోకి కొత్తగా వచ్చిన అమ్మగారికి,

మీ కింద షాపులో బట్టలు కుట్టుకునే దర్జీ నమస్కారాలు. మీరు అద్దెకి దిగి రెండు నెలలైంది. ఒక్కసారైనా పైకి వచ్చి పలకరించలేదు, తప్పు నాదే. నాకు మాటలకన్నా కాగితం నయం. షాపులో కూడా కస్టమర్లతో మాటలన్నీ మా చెల్లెలివే. కొలతలు తను తీస్తుంది, కుట్టడం నా పని.

విషయానికి వస్తాను. మీ గదిలో నేలంతా చెక్క. ఆ చెక్కని మోసే ఇనుప స్తంభం నా షాపు నడిమధ్యకి దిగింది. నా కాలి మిషను దానికి ఆనుకునే ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి మీరు పైన ఏదో మొదలుపెడతారు. స్తంభం కదులుతుంది, దాంతో మిషను కదులుతుంది, గుండుసూదుల డబ్బా బల్ల మీద నడక మొదలుపెడుతుంది. మేకుకి తగిలించిన పెద్ద కత్తెర దానంతట అదే నోరు తెరిచి మూస్తుంది. పదకొండున్నరకి అన్నీ ఆగిపోతాయి.

మూడు వారాలు గమనించి, కొలతల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. మొత్తం ఆరు రకాలు. ఒకటోది పొట్టి అడుగులది, ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. రెండోది ఆగి ఆగి వస్తుంది. మూడోది మొన్న నాచేత ఒక పెద్దమనిషి ప్యాంటు కాలుని మోకాలి దగ్గర మూసి కుట్టించింది. నాలుగు, అయిదు ఒకే ఇంటివిలా ఉన్నాయి. ఆరోది చివరి పావుగంటలో మిగతావాటి మీదికి ఎక్కి వస్తుంది. దానికో పద్ధతీ పాడూ లేదు. అది వచ్చిందంటే సూదుల డబ్బా కింద పడాల్సిందే.

ఇవేమిటో, ఎవరివో, వివరంగా రాయగలరు.

ఇట్లు,
కింది దర్జీ

తా.క. ప్యాంటు పెద్దమనిషి ఇంకా రాలేదు. కాలు విప్పేశాను.


మంగళవారం

విషయం: మీ ఫిర్యాదు నంబరు ఒకటి

గౌరవనీయులైన దర్జీ గారికి,

మీ ఫిర్యాదు అందింది. కలిగిన అసౌకర్యానికి మేము ఎంతో చింతిస్తున్నాము.

మేము అని రాశాను గానీ ఇక్కడున్నది నేనొక్కదాన్నే. ఇరవై రెండేళ్లుగా ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తున్నాను. చెయ్యి అలా అలవాటు పడిపోయింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నా బల్ల మీదికి వచ్చే ప్రతి ఉత్తరమూ 'మీ ఫ్యాను తిరగడం లేదు' అనే మొదలవుతుంది. మీ ఫ్యాను చక్కగా తిరుగుతోందని ఇంతవరకు ఒక్కరు రాసిన పాపాన పోలేదు. నేను కూడా ఆశించడం మానేశాను.

మీకు ఇబ్బంది కలిగిస్తున్నవి నా రాక్ రికార్డులు. ఆఫీసుకి వెళ్లేముందు వింటాను. నా దగ్గర చాలానే ఉన్నాయి గానీ ఒక్కో కాలంలో ఒక్కో అయిదు మాత్రమే బయట తిరుగుతాయి. ప్రస్తుతం తిరుగుతున్నవాటి వివరం అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఒకటోది ఎర్ర అట్టది. నలుగురు కుర్రాళ్లు. రైలు టైమైపోతోంది, ఈలోగా వాయించేసి పోదామన్నట్టు వాయిస్తారు. ముప్ఫైనాలుగు నిమిషాల్లో ఊపిరి తీసుకున్నట్టు నాకెక్కడా అనిపించలేదు. దాంతోనే నాకు తెల్లవారినట్టు లెక్క.

రెండోది గుర్రం బొమ్మ అట్టది. అందులో గిటారాయన ఒక్క స్వరం పట్టుకున్నాడంటే నేను వెళ్లి మొహం కడుక్కుని రావచ్చు. వచ్చేసరికి కూడా వదలడు.

మూడోది ఖాళీ కుర్చీ అట్టది. భార్య పాడుతుంది, భర్త డ్రమ్ములు కొడతాడు. రికార్డు చేసేనాటికి ఇద్దరికీ మాటల్లేవట, అట్ట వెనక రాసి ఉంది. ఆవిడ పాటలో ఒకటంటే ఆయన డ్రమ్ము మీద రెండంటాడు. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ ఇష్టం ఇదే. మా కంపెనీకి వచ్చే ఏ ఉత్తరంలోనూ ఇంత నిజాయితీ చూడలేదు.

నాలుగు, అయిదు ఒకే బృందానివి. మీరు సరిగ్గానే కనిపెట్టారు. మొదటిది వాళ్లకి ఇరవయ్యేళ్లప్పటిది, రెండోది నలభై దాటాక చేసినది. మనుషులు వాళ్లే, వాయిద్యాలు అవే, కానీ రెండోదాంట్లో సగం వాయించకుండా వదిలేస్తారు. ఆ వదిలేసినదంతా మనకి వినిపిస్తుంది. నాకిప్పుడు నలభై ఆరు. ఈ మధ్య అయిదోదే ఎక్కువ పెడుతున్నాను.

ఆరో అంశం మా పరిధిలోకి రాదు. ఇంట్లో ఆరో రికార్డు తిరగడం లేదు. బహుశా నీళ్ల మోటారు అయి ఉంటుంది.

తీసుకున్న చర్య: ప్యాంటు సంఘటన దృష్ట్యా మూడో రికార్డుని ఇవాళే బీరువాలో పెట్టేశాను.

మీ విధేయురాలు,
పైవాటా

తా.క. ఆ మొగుడూ పెళ్లాలిద్దరూ ఇప్పుడు దుప్పట్ల మధ్య ఉన్నారు. ఇకనైనా రాజీ పడతారేమో చూడాలి.


శుక్రవారం

పైవాటా అమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. ఎర్ర అట్ట కుర్రాళ్ల సంగతి తెలిశాక నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. గుర్రం అట్ట గిటారాయన స్వరం పట్టుకున్నప్పుడు నేను ఒక నిలువు అంచు మొత్తం కుట్టేస్తున్నాను. ఆ భార్యాభర్తల్లో ఆయన గట్టిగా కొట్టినప్పుడల్లా నా కాలు పెడలు మీద టక్కున ఆగిపోయేది. మా ఆవిడ బతికున్న రోజుల్లో నేనూ ఇంట్లో అలాగే ఆగిపోయేవాణ్ణి.

అలాంటిదాన్ని బీరువాలో పెట్టడమేమిటి? మీకెవరు చెప్పారు? మూడోది లేనందువల్ల గురువారం రెండు చేతులూ ఒకే భుజానికి కుట్టాను. అది ఫైర్ స్టేషన్ బ్యాండు వాళ్ల కోటు. వచ్చే వారం ఆదివారానికల్లా వాళ్లకి ఇరవై రెండు ఎర్ర కోట్లు ఇవ్వాలి. ఒకే పక్క రెండు చేతులున్న మనిషి ఆ బ్యాండులో ఎవరూ లేరని మా చెల్లెలు చెప్పింది. దీనికి బాధ్యులెవరో మీరే చెప్పండి.

నీళ్ల మోటారు అని రాశారు. మన బిల్డింగులో మోటారు పాడై ఏడాది దాటింది. ఆరోది నిన్న పదకొండుంబావుకి కచ్చితంగా వచ్చింది. డబ్బా పడింది. నూట నలభై సూదులు ఒంగుని ఏరాను. ఆరోదాని సంగతి తేల్చగలరు.

ఇట్లు,
కింది దర్జీ

తా.క. నూట ముప్ఫై తొమ్మిది ఏరాను. నూట నలభయ్యోది మా చెల్లెలికి కాలితో దొరికింది.


శనివారం

విషయం: మీ ఫిర్యాదు నంబరు రెండు (వెటకారం విభాగం)

గౌరవనీయులైన దర్జీ గారికి,

మీ వెటకారం అందింది. మా ఆఫీసులో ఇలాంటివాటికి విడిగా ఒక ఫైలు ఉంది. 'మీ ఫ్యాను ఎంత బాగా పనిచేస్తోందంటే దాని కిందే నాకు ఉక్కపోసి స్నానం అయిపోతోంది' లాంటివి అందులో పెడతాం. 'బీరువాలో పెట్టడమేమిటి' అన్న మీ వాక్యం ఆ ఫైల్లో మొదటి పేజీగా పెట్టదగ్గది.

అయినా తప్పు నాదే కాబట్టి నిన్న ఆఫీసుకి వెళ్తూ స్వయంగా క్షమాపణ చెప్పుకుందామని మీ షాపు గుమ్మంలోకి వచ్చాను. మీ చెల్లెలు గారు లేరు. మీరు మిషను మీద వంగి ఉన్నారు. 'క్షమించండి' అన్నాను. మీరు తలెత్తలేదు. మళ్లీ అన్నాను. మూడోసారి గట్టిగానే అన్నాను, రోడ్డు మీద వెళ్లే ఒకాయన ఆగి 'ఫర్వాలేదమ్మా' అన్నాడు. మీరు మాత్రం దారం కొరికి, చొక్కా తిప్పి, మళ్లీ కుట్టుకున్నారు. ఇరవై రెండేళ్లలో ఎన్నో కోపాలు చూశాను గానీ ఇంత నిబ్బరమైన కోపం చూడలేదు. మెట్లెక్కి గదికి వచ్చి కాసేపు ఏడ్చాను. ఆఫీసుకి అరగంట ఆలస్యంగా వెళ్లాను.

తీసుకున్న చర్యలు: నేల మీద అరచెయ్యి మందం తివాచీ పరిచాను. స్పీకర్లని మంచం మీద, దిళ్ల మధ్య పడుకోబెట్టాను. అదీ చాలదనిపించి హెడ్‌ఫోన్లు కొన్నాను. ఇకనుంచి మిగిలిన నాలుగు రికార్డులూ నా రెండు చెవుల మధ్యే తిరుగుతాయి. మీకు చిన్న చప్పుడు కూడా రాదు.

ఆరో అంశంపై విచారణ జరిపించాను. అది పిల్లి అని తేలింది.

మీ విధేయురాలు,
పైవాటా

తా.క. పిల్లి నాది కాదు. ఎక్కడి నుంచో వస్తుంది. దాని ప్రవర్తనకి నేను బాధ్యురాలిని కాను.


బుధవారం

పైవాటా అమ్మగారికి,

నాలుగు రోజులుగా స్తంభం చచ్చి పడుంది.

జరిగింది రాస్తాను, చదవండి. సోమవారం పొద్దున కింది బాబిన్‌లో దారం అయిపోయింది. నేను చూసుకోలేదు. అలాగే కుట్టుకుంటూ పోయాను. నాలుగు కోట్లు దారం లేకుండా కుట్టాను అమ్మా. పై నుంచి చూస్తే కుట్టినట్టే ఉంది. మంగళవారం బ్యాండు మాస్టారు ట్రయల్ చూసుకోవడానికి వచ్చి చేతులు తొడుక్కున్నాడు. వీపు ఒక చోట, చేతులు ఒక చోట పడ్డాయి, కాలరు మాత్రం ఆయన మెడలో మిగిలింది. మా చెల్లెలు ఆయన్ని అలా కాలరుతోనే టీకి తీసుకెళ్లిపోయి, ఇది కొత్త రకం కటింగ్ అని గంటసేపు చెప్పింది.

ఇంకా పదకొండు కోట్లున్నాయి. చేతిలో నాలుగు రోజులు. ఈ ఆర్డరు పోతే ఇక షాపుకి తాళం వెయ్యాల్సిందే. ఇదంతా మీరు తీసుకున్న చర్యల వల్లే జరుగుతోంది. అసలు సంగతి రాద్దామని మూడుసార్లు కలం పట్టాను. చెల్లెలు మూడుసార్లూ లాక్కుంది, పరాయివాళ్లకి రాయొద్దంది.

ఇక పిల్లి గురించి. మిగతా అయిదూ ఆగినా అదొక్కటే ఆగలేదు. పైగా పెరిగింది. ఇప్పుడు పావుగంట కాదు, ముప్పావుగంట వస్తోంది. తివాచీ మీద కూడా తెలుస్తోందంటే చూసుకోండి. ఈ నాలుగు రోజుల్లో నేను సరిగ్గా కుట్టిందేమైనా ఉంటే ఆ ముప్పావుగంటలో కుట్టిందే. మనుషుల కొలతలతో బతికేవాణ్ణి, నా అంచనా సాధారణంగా తప్పదు. ఆ పిల్లి బరువు అరవై అయిదు కిలోలు ఉంటుంది. ఎడమకాలు గట్టిగా వేస్తుంది. మూడడుగులకోసారి గిర్రున తిరుగుతుంది. తిరిగాక కాసేపు ఎక్కడో పట్టుకుని నిలబడుతుంది.

ఇట్లు,
కింది దర్జీ

తా.క. పిల్లులకి నాలుగు కాళ్లుండాలి. ఇది రెండింటి మీదే వస్తోంది.


గురువారం

విషయం: మీ ఫిర్యాదుల శాశ్వత పరిష్కారం

దర్జీ గారికి,

మీ షాపు నావల్ల మూతపడుతుందని రాశారు. చప్పుడు చేస్తే తప్పు, మానేస్తే ఇంకా పెద్ద తప్పు. నామీద ఏదో పెద్ద కాగితమే తయారవుతోందని, మీ చెల్లెలు గారు దయతలచి మూడుసార్లు ఆపారని కూడా అర్థమైంది. ఆవిడకి నా కృతజ్ఞతలు చెప్పండి. ఇక ఆవిడ కలం లాక్కునే అవసరం రానివ్వను.

ఆదివారం ఇల్లు ఖాళీ చేస్తున్నాను. ఆఫీసు వెనక ఒక గది దొరికింది. కిందా పైనా ఇరుకిరుగ్గా మనుషులున్నారు, కాబట్టి అక్కడ రికార్డులు పెట్టే ప్రసక్తే లేదు. అయిదింటినీ, బీరువాలో ఉన్నవాటినీ పెట్టెలో సర్దేశాను. పాత సామాన్లవాడు శనివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు.

ఒక్క మాట ఫిర్యాదుల ఉద్యోగినిగా కాకుండా రాస్తాను. రోజుకి తొమ్మిది గంటలు లోకంలో తిరగని ఫ్యాన్లన్నిటికీ నేనే క్షమాపణ చెప్తాను. పొద్దున రెండున్నర గంటలు మాత్రం నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అవి నావి. అవి ఇంకొకరికి కింద సూదులై గుచ్చుకుంటాయని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఈ వాటా తీసుకునేదాన్నే కాదు.

పైవాటా

తా.క. పిల్లి బరువు అరవై రెండు. తప్పుడు సమాచారం ఫైల్లో ఉండకూడదని రాస్తున్నాను.


శుక్రవారం, పొద్దున ఎనిమిది

పైవాటా చెల్లెమ్మకి,

ఈ ఉత్తరం మెట్ల దగ్గర పెట్టెలో వెయ్యడం లేదు. మా చెల్లెలే పైకి తెచ్చి మీ చేతికిస్తుంది. ఈసారి కలం లాక్కోలేదు, పక్కన కూర్చుని సిరా పోసింది.

నాకు చెవులు వినపడవు.

మూడేళ్లయింది. మొదట ఒకటి పోయింది, ఆర్నెల్లకి రెండోది. మీరు గుమ్మంలో మూడుసార్లు క్షమాపణ చెప్పారని మీరు రాస్తేనే నాకు తెలిసింది. గుడ్డ మీద నీడ పడితే మబ్బు పట్టిందనుకున్నాను. ఆ రోజు మీరు ఏడ్చారని చదివి నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

దర్జీకి చెవులతో ఏం పని అనుకుంటారు. సగం పని చెవులదే. సూది వంగినా, దారం తెగినా, బాబిన్ ఖాళీ అయినా ముందు మిషను చప్పుడు మారుతుంది. చెవులు పోయాక నా కాలు తడబడింది. కుట్టు ఒక చోట చీమల బారులా, ఒక చోట కప్ప గంతులా పడేది. ఈ సంగతి బయటికి తెలిస్తే ఎవరూ బట్టలివ్వరని మా చెల్లెలు ముందు నిలబడి నన్ను దాచింది. అయినా వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

అప్పుడు మీరు పైన దిగారు. ఒక పొద్దున స్తంభంలోంచి ఏదో వచ్చి నా మోకాలికి తగిలింది. కాలు దాని వెంట వెళ్లింది. మూడేళ్ల తరవాత మొదటిసారి తిన్నగా కుట్టాను. ఆ అదురు మధ్య దారం తెగితే తేడా కూడా పాదానికి తెలుస్తోంది. ఆ ధైర్యంతోనే బ్యాండు కోట్లు ఒప్పుకున్నాను.

మొదటి ఉత్తరం ఫిర్యాదు కాదమ్మా. అది మెచ్చుకోలు. మా పనిలో కుట్టు బాగుంటే కస్టమరు ఏమీ అనకుండా తొడుక్కుని వెళ్లిపోతాడు. బాగుందని ఎలా చెప్తారో నేనూ వినలేదు, ఎలా రాస్తారో నాకూ తెలియదు. కత్తెర కదులుతోందని రాస్తే చాలనుకున్నాను.

ఇంకా ఏడు కోట్లున్నాయి. మీరు వెళ్తే వెళ్లండి, ఆపే హక్కు నాకు లేదు. ఈ రెండు రోజులు మాత్రం ఆ తివాచీ తీసెయ్యండి. దుప్పట్లలో ఉన్న ఆ మొగుడూ పెళ్లాలని బయటికి పిలవండి.

ఇంకో రెండు అడుగుతాను. ఆదివారం బ్యాండు మన వీధిలోంచే వాయించుకుంటూ వెళ్తుంది. ఎలా వాయించారో నాకు నిజం చెప్పేవాళ్లు కావాలి. మా చెల్లెలు అన్నీ బాగున్నాయనే రాసిస్తుంది. రెండోది, ఆ ఆరో రికార్డు ఎవరిదో చెప్పండి. అయిదూ నా కాలుని నడిపించాయి. ఆరోది వస్తే మాత్రం నవ్వొస్తుంది. మూడేళ్ల తరవాత నేను షాపులో పైకే నవ్వానట, చెల్లెలు రాసి చూపించింది. నాకు వినపడలేదు.

మీ అన్నయ్య

తా.క. డబ్బా పడుతుందని రాశాను. పడనివ్వండి. మూత బిగించాను.


సోమవారం

విషయం: ఫిర్యాదులేవీ లేవు

అన్నయ్యకి,

మీ ఉత్తరానికి జవాబు శుక్రవారమే స్తంభం ద్వారా పంపాను. తివాచీ చుట్టి గోడకి నిలబెట్టాను. స్పీకర్లు రెంటినీ స్తంభం తల మీద బోర్లా పడుకోబెట్టాను. ముందుగా ఖాళీ కుర్చీ అట్ట పెట్టాను. అందిందనుకుంటాను. అందలేదని మీరు రాయలేదు. ఎదురింటివాళ్లు మాత్రం అందిందని రాశారు.

మీ ఉత్తరం నా ఆఫీసు బల్ల అద్దం కింద ఉంది. ఇరవై రెండేళ్లలో ఫ్యాను బాగా తిరుగుతోందని నాకు వచ్చిన మొదటి ఉత్తరం అది. దానికి ఏ ఫైలూ లేదు. కొత్తది తెరిచాను.

ఆదివారం ఇల్లు ఖాళీ చెయ్యలేదు. కిటికీలో నిలబడి బ్యాండు చూశాను. నిజం చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను. ఘోరంగా వాయించారు. బాకాలవాళ్లు ఒక పాట, డ్రమ్ములవాళ్లు ఇంకొక పాట వాయించారు. బ్యాండు మాస్టారు చేతులు రెండింటికీ మధ్యలో ఎక్కడో తిరిగాయి. నా ఉద్యోగ అనుభవంలో ఇంత న్యాయమైన ఫిర్యాదుకి అవకాశం ఎప్పుడూ రాలేదు. కానీ వీధి వీధంతా చప్పట్లు కొట్టింది అన్నయ్యా. ఇరవై రెండు ఎర్ర కోట్లు ఒక్క వరసలో మలుపు తిరుగుతుంటే ఒక్క భుజం దగ్గర ముడత లేదు. జనం బ్యాండు వినలేదు, చూశారు. ఆ కోట్లలో నాకు ఎర్ర అట్ట కుర్రాళ్లు కనిపించారు, గుర్రం అట్ట గిటారాయన కనిపించాడు. వెనక వరసలో ఒకాయన ఎడమ చెయ్యి కొంచెం విసురుగా ఉంది. అది ఆ మొగుడూ పెళ్లాలు కుట్టింది అయి ఉంటుంది.

ఇక ఆరో అంశం. అది మా పరిధిలోనే ఉంది. మొదటినుంచీ ఉంది. అట్ట లేదు, ఏ దుకాణంలోనూ దొరకదు. పొడవు అయిదడుగుల ఒక అంగుళం, బరువు మీకు తెలుసు. ఆఫీసుకి బయల్దేరేముందు చివరి పావుగంట నేను గంతులేస్తాను. మూడడుగులకోసారి తిరుగుతాను. తిరిగాక బీరువా పట్టుకుని నిలబడతాను. ఈ ప్రపంచంలో ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. ఎవరికైనా తెలిస్తే చచ్చిపోతాననుకున్నాను. మీకు తెలిసింది, మీరు నవ్వారు, దాని మీద చేతులు కుట్టారు. నేను మాత్రం హాయిగా ఉన్నాను.

రేపు కిందికి వచ్చి కొలతలిస్తాను. నాకూ ఒక ఎర్ర కోటు కావాలి. రెండు చేతులూ పైకెత్తినా చంకల్లో పట్టెయ్యకూడదు, గిర్రున తిరిగితే అంచు విచ్చుకోవాలి. ఏ రికార్డు మీద కుడతారో మీ ఇష్టం.

మీ చెల్లెలు,
పైవాటా

తా.క. శుక్రవారం పదకొండుంబావుకి మీ డబ్బా, బల్ల మీంచి అల్మరా మీదికి మార్చినా పడిందని విన్నాను. ఆ గంతులు నా ఒక్కదానివే కావు. ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన మీ చెల్లెలు పదకొండున్నర దాకా కిందికి దిగనంది. కుడికాలు గట్టిగా వేసేది తనే. దాన్ని ఏడోదిగా రాసుకోగలరు.